గెలాక్సీ గుంపులు చిన్న క్లస్టర్లు కావు

ఈమధ్య రాజమహేంద్రవరంలో జరిగిన ఒక సదస్సుకు మా విద్యార్థులను తీసుకువెళ్ళాను. ముఖ్య వక్త విశ్వనిర్మాణం గురించి ఎంతో శ్రద్ధగా మాట్లాడారు. కోమా, పెర్సియస్ వంటి మహా గెలాక్సీ క్లస్టర్ల (వందలు, వేల గెలాక్సీలు ఒకచోట కూడిన పెద్ద సమూహాల) ఎక్స్‌రే చిత్రాలు చూపించారు. చివర్లో మా కళాశాలలో ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయి లేచి, "మరి గెలాక్సీ గుంపుల సంగతి ఏమిటండీ?" అని అడిగింది. "అవీ క్లస్టర్లేనమ్మా, కాస్త చిన్నవి. పెద్దవి అర్థమైతే చిన్నవి వాటంతట అవే అర్థమవుతాయి" అని ఆయన తేల్చేశారు. హాలులో చాలామంది తలలూపారు.

ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఆయన చదువు మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన చెప్పినదానికి నేరుగా ఎదురుగా ఉంది నా అభిప్రాయం. పెద్దవాటిని ఎంత చూసినా చిన్నవి అర్థం కావు. మనకు దగ్గరగా ఉన్న చిన్న గుంపులను ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఎక్కువసేపు చూడాలి. అది ఇప్పుడే జరగాలి, ఎందుకంటే వాటిని చూడగల కళ్ళు మనకు తగ్గిపోతున్నాయి.

విశ్వంలో సగానికి పైగా గెలాక్సీలు గుంపుల్లోనే, అంటే కొన్ని నుంచి కొన్ని పదుల గెలాక్సీలు కలిసి ఉండే చిన్న సమూహాల్లోనే ఉంటాయి. మన పాలపుంత కూడా ఆండ్రోమెడాతో కలిసి ఒక చిన్న గుంపులో ఉంది. ఒక గుంపు మొత్తం బరువు పది లక్షల కోట్ల సూర్యుల నుంచి కోటి కోట్ల సూర్యుల వరకు ఉండవచ్చు. మహా క్లస్టర్లు అంతకు పదింతలు. అవి అరుదు. గెలాక్సీలు ఎక్కువగా పుట్టి పెరిగి ఒకదాన్నొకటి మింగి మారేది గుంపుల్లోనే. సాధారణ కుటుంబాల సంగతి వదిలేసి జమీందారు లోగిళ్ళ సంగతే చెప్పుకుంటే ఊరి చరిత్ర పూర్తికాదు కదా.

లెక్క ఎక్కడ తప్పుతుంది

గురుత్వాకర్షణ ఒక్కటే రాజ్యమేలితే ఆ వక్త చెప్పింది నిజమయ్యేది. చిన్న గుంపు పెద్ద క్లస్టర్‌కు కుదించిన నకలుగా ఉండేది. గెలాక్సీల మధ్య నిండి ఉన్న వేడి వాయువు ఎక్స్‌రే వెలుగు దాని ఉష్ణోగ్రత వర్గానికి (స్క్వేర్‌కు) అనుగుణంగా పెరిగేది. వాస్తవంలో క్లస్టర్ల దగ్గరే వెలుగు వర్గం కంటే వేగంగా, దాదాపు ఘనం స్థాయిలో మారుతుంది. గుంపుల దగ్గరికి వచ్చేసరికి లెక్క ఇంకా చెదిరిపోతుంది. ఒకే ఉష్ణోగ్రత ఉన్న రెండు గుంపుల వెలుగుల్లో ఎన్నో రెట్లు తేడా కనిపిస్తుంది.

1999లో ట్రెవర్ పోన్‌మన్, ఆయన సహచరులు దీనికి ఒక కీలకమైన ఆధారం చూపారు. చిన్న వ్యవస్థల నడుమ వాయువుకు ఉండవలసిన దానికంటే ఎంట్రోపీ (వాయువు ఎంత వేడిగా, ఎంత పలచగా ఉందో కలిపి చెప్పే కొలత) ఎక్కువగా ఉంది. గురుత్వాకర్షణ కాని మరేదో ఆ వాయువును వేడెక్కించింది, పలచబరిచింది. ఆ పని చేయగలిగినవి సూపర్నోవాలు (పేలిపోయే నక్షత్రాలు), అంతకు మించి నడుమ గెలాక్సీలోని మహా కృష్ణబిలం. కృష్ణబిలం వెదజల్లే శక్తి పెద్ద క్లస్టర్‌లో వాయువును పట్టి ఉంచే శక్తితో పోలిస్తే స్వల్పం. గుంపులో ఆ రెండూ దాదాపు సమ ఉజ్జీలు. అందుకే గుంపు తన వాయువును నిలుపుకోలేకపోతుంది. విశ్వంలోని మొత్తం పదార్థంలో మామూలు పదార్థం (కంటికి కనబడని కృష్ణపదార్థం కానిది) వాటా 16 శాతం. మహా క్లస్టర్లలో ఆ వాటా దాదాపుగా దొరుకుతుంది. చాలా గుంపుల్లో వేడి వాయువుగా దొరికేది అందులో సగం మాత్రమే, కొన్నిచోట్ల అంతకంటే తక్కువ.

ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహాన్ని అంచనా వేయడానికి ఎగువన పడిన వానలు, ఉపనదుల నీరు తెలిస్తే చాలావరకు సరిపోతుంది. అదే నీరు కాలువలు దాటి శివారు ఆయకట్టులో ఒక పంట బోదెలోకి చేరేసరికి వ్యవహారం మారిపోతుంది. ఎవరు తూము ఎత్తారు, ఎక్కడ గట్టు తెగింది, ఏ మలుపులో గుర్రపుడెక్క అడ్డుపడింది, ఈ వారం వంతు ఎవరిది అన్నవే అక్కడ నీటిని శాసిస్తాయి. ఆనకట్ట లెక్కను వెయ్యితో భాగిస్తే బోదె లెక్క రాదని శివారు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. గుంపుల విషయంలో నేను అంటున్నది సరిగ్గా ఇదే.

ఆకాశమా, కంప్యూటరా

సదస్సులో ప్రశ్న వేసిన అమ్మాయి తండ్రికి రొయ్యల చెరువులు ఉన్నాయి. ఒకసారి కళాశాలకు వచ్చినప్పుడు ఆయన నన్ను అడిగారు: "మాస్టారూ, మా అమ్మాయి చదివేది ఆకాశం గురించి అంటుంది. రాత్రిళ్ళు డాబా ఎక్కడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఆ కంప్యూటరే. ఇంతకీ చూసేది ఆకాశమా, కంప్యూటరా?"

ఎంతో సరైన ప్రశ్న అది. ఎక్స్ కిరణాలు మన వాతావరణాన్ని దాటి రాలేవు. కొండ ఎక్కినా, ఎడారికి పోయినా లాభం లేదు. 1962లో ఒక రాకెట్ కొద్ది నిమిషాల పాటు వాతావరణం పైకి వెళ్తేనే సౌరకుటుంబం వెలుపలి మొదటి ఎక్స్‌రే మూలం బయటపడింది. 1970లో కెన్యా తీరం నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం క్లస్టర్ల నుంచి ఎక్స్ కిరణాలు వస్తున్నాయని స్థిరపరిచింది. గుంపుల వంతు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. 1990లో వెళ్ళిన రోసాట్ ఉపగ్రహ పరిశీలనలతో 1993లో జాన్ మల్చే బృందం ఎన్‌జీసీ 2300 గుంపులో గెలాక్సీల మధ్య పరుచుకుని ఉన్న వేడి వాయువును గుర్తించింది.

ఆయనకు నేను ఇచ్చిన జవాబు ఇది: "చూసేది ఆకాశమేనండీ. కానీ ఆ ఆకాశం నేల మీదికి దిగదు. పైన ఉపగ్రహం చూసి పంపిందే అమ్మాయి కంప్యూటరులో తెరుస్తుంది." కోనసీమలో ఏడాదిలో ఎన్నో నెలలు మబ్బు, ఎప్పుడూ తేమ, రాత్రంతా చెరువు గట్ల మీద దీపాలు. మామూలు టెలిస్కోపు పెట్టుకునేవారికి ఇది అనువైన చోటు కాదు. ఎక్స్‌రే పరిశోధనకు మాత్రం అమలాపురమూ ఒకటే, అమెరికా అయినా ఒకటే. చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ (నాసా వారి ఉపగ్రహ టెలిస్కోపు) పరిశీలనలు సాధారణంగా కొంతకాలం గడిచాక అందరికీ ఉచితంగా దొరుకుతాయి. వాటిని విశ్లేషించే సాఫ్ట్‌వేరు కూడా ఉచితమే.

తెర మీద కనిపించేది

హెచ్‌సీజీ 62 అనే గుంపు ఉంది. కన్య రాశిలో, దాదాపు 20 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, నాలుగు గెలాక్సీలు ఇరుక్కుని ఉంటాయి. చంద్ర దాన్ని 2000లో ఒకసారి, 2009లో మళ్ళీ చూసింది. మా విద్యార్థిని మొదట తెరిచింది ఈ రెండింటినే.

ఫైలు తెరిస్తే మొదట కనిపించేది నల్లటి తెర మీద చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో ఫోటాన్, అంటే ఒక్కో కాంతి కణం. అది ఎప్పుడు వచ్చింది, డిటెక్టర్ మీద ఎక్కడ తగిలింది, ఎంత శక్తితో వచ్చింది అన్నవి పక్కనే అంకెల్లో ఉంటాయి. మధ్యలో చుక్కలు కాస్త చిక్కగా ఉన్నాయనిపిస్తుంది, అంతే. ఆపైన పని మొదలవుతుంది. దూరపు క్వేజార్లు (మహా కృష్ణబిలాల వల్ల మెరిసే గెలాక్సీ కేంద్రాలు), గెలాక్సీల్లోని జంట నక్షత్రాలు పెట్టే చుక్కలను గుర్తించి తీసేయాలి. వాయువు లేని ఆకాశం ఎంత వెలుగుతుందో లెక్కగట్టి దాన్నీ తీసేయాలి. మిగిలినదాన్ని మెల్లగా నునుపు చేస్తూ పోతే నాలుగు గెలాక్సీలనూ కప్పేసే ఒక పెద్ద వెలుగు పైకి వస్తుంది. దాని నడుమ ఇటొకటి అటొకటి రెండు చీకటి గుంటలు. కృష్ణబిలం నుంచి వెలువడిన ధారలు వాయువును పక్కకు నెట్టిన చోట్లు అవి. ఆ గుంటలు కనబడిన క్షణంలో ఆ అమ్మాయి ముఖం చూసి ఉంటే, ఆ వక్త అలా తేల్చేసేవారు కాదు.

తరువాత రెండు పరిశీలనల వర్ణపటాలను (ఏ శక్తిలో ఎన్ని ఫోటాన్లు వచ్చాయో చూపే గ్రాఫులను) ఒకదాని మీద ఒకటి పెట్టింది. 2009 నాటి దానిలో తక్కువ శక్తి వైపు ఫోటాన్లు బాగా తగ్గిపోయి ఉన్నాయి. "తొమ్మిదేళ్ళలో వాయువు మారిపోయిందా సార్?" అని అడిగింది. కోటి డిగ్రీల వాయువు లక్షల కాంతి సంవత్సరాల మేర పరుచుకుని ఉంటుంది. తొమ్మిదేళ్ళు దానికి లెక్కలోకి రావు. మారింది మన కన్ను. చంద్ర డిటెక్టర్ ముందున్న పలచటి వడపోత మీద ప్రయోగం నాటి నుంచి ఒక మకిలి పొర పేరుకుంటూ వస్తోంది. అది తక్కువ శక్తి ఎక్స్ కిరణాలను మింగేస్తుంది. ఎంత మింగుతుందో శాస్త్రజ్ఞులు ఏటా కొలిచి సవరణలు ఇస్తారు కాబట్టి ఫలితం తప్పుపోదు. కానీ మింగేసిన ఫోటాన్లను మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

ఇక్కడే గుంపుల దురదృష్టం ఉంది. పెద్ద క్లస్టర్ల వాయువు ఐదు, పది కోట్ల డిగ్రీల్లో ఉంటుంది, దాని ఎక్స్ కిరణాలకు శక్తి ఎక్కువ, ఆ పొర దానికి పెద్ద అడ్డం కాదు. గుంపుల వాయువు కోటి డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. దాని వెలుగంతా ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు (ఎక్స్ కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) చుట్టుపక్కలే. పైగా అది ఎంత పలచనంటే, నడిమి భాగం దాటాక లీటరు చోటులో ఒక కణం ఉంటే గొప్ప. వెలుగు సాంద్రత వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి అంచులకు వెళ్ళేకొద్దీ దాదాపు చీకటే. అదే శక్తుల్లో మన పాలపుంతలోని వేడి వాయువు కూడా వెలుగుతూ అడ్డం వస్తుంది. సౌరపవనంలోని అయాన్లు భూమి చుట్టూ ఉన్న పలచటి హైడ్రోజన్‌ను తాకి పుట్టించే ఎక్స్ కిరణాలు రోజుకో తీరుగా మారుతూ ఇంకా అడ్డం వస్తాయి. ఇన్ని దాటి చూడాలంటే ఎక్కువసేపు చూడటం తప్ప దారి లేదు.

వారం రోజుల చూపు

ఎక్కువసేపు చూస్తే ఏం వస్తుందో చెప్పడానికి ఎన్‌జీసీ 5813 (ఒక గుంపు నడిమి గెలాక్సీ) చాలు. దూరం దాదాపు 10 కోట్ల కాంతి సంవత్సరాలు. చంద్ర దీన్ని విడతలుగా, మొత్తం మీద వారం రోజులకు పైగా చూసింది. ఫలితంగా ఒకే వరసలో మూడు జతల గుంటలు బయటపడ్డాయి. లోపలి జత కొత్తది, నడిమి జత పాతది, బయటి జత ఇంకా పాతది. ఒక్కో జత కృష్ణబిలం ఒక్కోసారి విజృంభించిన గుర్తు. వాటి వయసుల్లో కోట్ల ఏళ్ళ తేడా ఉంది. ఒక్కో విజృంభణతో పాటు పుట్టిన షాక్ తరంగాల అంచులు కూడా వాయువులో స్పష్టంగా కనిపిస్తాయి. ఆ తరంగాల వేడి ఒక్కటే వాయువు చల్లబడకుండా ఆపడానికి సరిపోతుందని స్కాట్ రాండాల్ బృందం లెక్క తేల్చింది.

ఇది మామూలు విషయం కాదు. గుంపుల నడుమ వాయువు విశ్వం వయసు కంటే చాలా తక్కువ కాలంలో చల్లబడి నక్షత్రాలుగా మారిపోవాలి. మారడం లేదు. ఎందుకు అన్న ప్రశ్నకు ఒక గెలాక్సీ గత చరిత్రను వరసగా చదివి జవాబు చెప్పగలిగిన చోటు ఇది. కొన్ని గంటల చూపులో ఆ మూడు జతలు ఇంత స్పష్టంగా తేలేవి కావు.

నన్ను ఇబ్బంది పెట్టే మాటలు

నా వాదనకు ఎదురుగా ఒక బలమైన మాట ఉంది, దాన్ని దాటవేయను. ఎన్‌జీసీ 5813, ఎన్‌జీసీ 5044 వంటివి అందరికీ ఎందుకు తెలుసు? ఎక్స్‌రేలో బాగా వెలుగుతాయి కాబట్టి. వెలిగేవాటినే ఎంచుకుని, వాటినే ఎక్కువసేపు చూసి, గుంపులన్నీ ఇలాగే ఉంటాయంటే అది పెద్ద పొరపాటు. దగ్గరి గుంపులను ఎక్స్‌రే వెలుగుతో నిమిత్తం లేకుండా, కంటికి కనిపించే గెలాక్సీల ఆధారంగా ఎంచుకున్న క్లాగ్స్ అనే పరిశోధన ఉంది. 26 కోట్ల కాంతి సంవత్సరాల లోపు 53 గుంపులను తీసుకున్నారు. వాటిలో సభ్యులు ఎక్కువగా ఉన్న 26 గుంపుల ఫలితాలు 2017లో వెలువడ్డాయి. గుంపంతా పరుచుకున్న వేడి వాయువు దొరికింది 14 గుంపుల్లోనే. మన ఇరుగుపొరుగులో ఎక్స్‌రేలో వెలిగే గుంపుల్లో దాదాపు 30 శాతాన్ని పాత సర్వేలు గుర్తించకుండా వదిలేసి ఉండవచ్చని కూడా వారు అంచనా వేశారు. ఈ గుంపుల రేడియో పరిశీలనలు మన పుణె దగ్గరి రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీలో జరిగాయని చెప్పుకోవడం నాకు సంతోషం.

కాబట్టి సర్వేలు వద్దని నేను అనను. 2019లో వెళ్ళిన ఈరోసిటా అనే ఎక్స్‌రే టెలిస్కోపు సగం ఆకాశం నుంచి తయారు చేసిన మొదటి జాబితాలో 12,247 క్లస్టర్లు, గుంపులు ఉన్నాయి. గొప్ప సంపద అది. కానీ ఆ సర్వేలో ఆకాశంలోని ఒక్కో చోటు మీద నిలిచిన చూపు చాలాచోట్ల కొన్ని నిమిషాలే. మసక గుంపులనైతే వందల కొద్దీ కలిపి సగటు తీయవలసి వస్తుంది. ఒక గుంపులో కృష్ణబిలం ఇప్పుడే విజృంభించింది, ఇంకోదానిలో ఎప్పుడో నిద్రపోయింది. రెండింటి సగటు ఏ గుంపు కథా కాదు. ఎక్కడ చూడాలో సర్వే చెబుతుంది. అక్కడ ఏం జరుగుతోందో చెప్పాలంటే ఎవరో ఒకరు ఆగి చూడాలి. క్లాగ్స్ చూపిన పక్షపాతానికి మందు మసక గుంపులను కూడా ఎక్కువసేపు చూడటమే. పెద్ద క్లస్టర్లకు తిరిగి పోవడం కాదు.

ఇంకొక సందేహం నిజంగా కష్టమైనది. ఎక్స్ కిరణాలు ఉన్నంత మాత్రాన అది నిలకడగా కుదురుకున్న గుంపు అనగలమా? స్టీఫెన్ క్వింటెట్‌ను తీసుకోండి. 1877లో ఎడ్వార్డ్ స్టీఫెన్ ఐదు గెలాక్సీలను ఒకచోట చూశాడు. వాటిలో ఒకటి, ఎన్‌జీసీ 7320, అసలు ఆ గుంపుది కాదు, మనకు చాలా దగ్గరగా ఉండి అడ్డం వచ్చింది. మిగిలినవాటి మధ్య ఎక్స్‌రేలో ఒక పొడవైన వెలుగు గీత ఉంది. ఎన్‌జీసీ 7318బి అనే గెలాక్సీ సెకనుకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో చొచ్చుకొచ్చి కొట్టిన దెబ్బకు వేడెక్కిన వాయువు అది. ఎక్స్ కిరణాలు లేకపోయినా గుంపు కాదనలేము. సర్పిలాకార గెలాక్సీలే ఎక్కువగా ఉన్న గుంపుల్లో ఇలాంటి వాయువు అరుదుగా దొరుకుతుంది. మన స్వంత గుంపే అందుకు ఉదాహరణ. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. అయితే ఆ గీతకూ నిలకడగా ఉన్న వాయువుకూ తేడా పట్టుకోగలిగింది, ఆ గుంపు దగ్గరగా ఉండటం వల్ల, చూపు పదునుగా ఉండటం వల్ల. అదే గుంపు ఇరవై రెట్ల దూరంలో ఉండి ఉంటే జాబితాలో ఒక చుక్కగా మిగిలేది.

ఎందుకు ఇప్పుడే

2023 సెప్టెంబరులో జపాన్ ప్రయోగించిన క్రిజమ్ ఉపగ్రహం మీద గుంపుల పరిశోధకులు ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. దానిలోని వర్ణపటమాపకం వాయువు వేగాలను నేరుగా కొలవగలదు. కానీ పరికరం ముందున్న కవాటం తెరుచుకోలేదు. దాదాపు 1.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కింద దానికి ఏమీ కనిపించదు. గుంపుల వెలుగు ఎక్కువగా ఉండేది ఆ కిందే. ఈరోసిటా 2022 ఫిబ్రవరి నుంచి ఆగిపోయి ఉంది. మన ఆస్ట్రోశాట్ 2015లో శ్రీహరికోట నుంచి వెళ్ళి మంచి పనే చేసింది, కానీ దాని మృదు ఎక్స్‌రే టెలిస్కోపు ఇంత మసక వాయువు కోసం కట్టినది కాదు. ఇక మిగిలినవి 1999లో వెళ్ళిన చంద్ర, ఎక్స్ఎంఎం-న్యూటన్. 2024లో నాసా బడ్జెట్ ప్రతిపాదనలో చంద్రకు భారీ కోత పెడితే ప్రపంచవ్యాప్తంగా ఖగోళ శాస్త్రజ్ఞులు గట్టిగా అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. ఐరోపా వారి న్యూఅథీనా ఎక్స్‌రే టెలిస్కోపు 2030ల చివరి వరకు రాదు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న ఆ టెలిస్కోపు పని చేస్తున్నంత కాలం గుంపులకు సమయం ఇవ్వాలని, ఇచ్చేటప్పుడు చిల్లరగా కాక రోజుల లెక్కన ఇవ్వాలని నేను అంటాను.

పైన జరిగేదాన్ని మనం నిర్ణయించలేము. కింద పేరుకున్న దాన్ని చదవడం మాత్రం మన చేతిలో ఉంది. "పెద్ద పెద్దవాళ్ళు పిండేసిన డేటా అది, అందులో ఇంకేం మిగిలింది?" అని నా సహోద్యోగి ఒకరు అడిగారు. మిగిలింది. గుంపుల ఉష్ణోగ్రతను ప్రధానంగా ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు దగ్గరి ఇనుము గీతల (వర్ణపటంలో ఇనుము పెట్టే వెలుగు గుర్తుల) నుంచి చదువుతారు. ఆ గీతల లెక్క ప్రయోగశాలల్లో, సిద్ధాంతంలో పోగైన పరమాణు సమాచారం మీద ఆధారపడుతుంది. 2011లో ఆ పట్టికలను సవరించినప్పుడు చల్లటి గుంపుల ఉష్ణోగ్రతలు పది, ఇరవై శాతం పెరిగాయి. ఉపగ్రహం అదే, ఫోటాన్లు అవే, జవాబు మారింది. పాత పట్టికలతో విశ్లేషించిన గుంపులు ఇంకా ఎన్నో ఉన్నాయి. పైగా మకిలి పొర పలచగా ఉన్న తొలి ఏళ్ళ చంద్ర పరిశీలనలు తక్కువ శక్తి వైపు ఇప్పటివాటి కంటే మేలైనవి. వాటికి కాలం చెల్లలేదు.

డెల్టాలో ఇటు కాకినాడ నుంచి అటు నరసాపురం దాకా భౌతికశాస్త్రం చెప్పే కళాశాలలు ఎన్నో ఉన్నాయి. చివరి సెమిస్టరు ప్రాజెక్టుల కోసం ఏటా అవే పాత నివేదికలు చేతులు మారుతుంటాయి. వాటి బదులు ఒక్కో విద్యార్థికి ఒక్కో దగ్గరి గుంపు ఇవ్వవచ్చు. ఒక పరిశీలన కొన్ని వందల మెగాబైట్లు, ఫోను డేటాతో కూడా దిగుతుంది. నడుమ కరెంటు పోతే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. మొదటగా హెచ్‌సీజీ 62 తీసుకోమంటాను. తగినంత వెలుగు ఉంది, 2000 నాటి పరిశీలన ఉంది, పోల్చుకోవడానికి 2009 నాటిది ఉంది, వచ్చిన జవాబును సరిచూసుకోవడానికి ముద్రిత ఫలితాలు ఉన్నాయి. రెండోదిగా ఎన్‌జీసీ 5044. ఆ రెండింటి మీద చేయి తిరిగాక క్లాగ్స్ జాబితాలోని మసక గుంపుల వైపు వెళ్ళాలి. ఎక్కువ పని మిగిలి ఉన్నది అక్కడే.